బాపమ్మ చాట

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు పొద్దున్నే అమ్మ నన్ను అటక ఎక్కించింది. అయ్యగారికి బియ్యం ఇవ్వడానికి చాట కావాలి. చాటలో బియ్యం పోసి, పెసరపప్పు, చింతపండు, ఉప్పు, ఎండుమిరపకాయలు, ఒక సొరకాయో బీరకాయో పెట్టి, పైన దక్షిణ ఉంచి, పోయిన పెద్దల పేర్లు చెప్పి ఇస్తాం. మా దిక్కు అందరిళ్ళలో ఉన్నదే. ఏడాది నిండాక వచ్చిన మొదటి పెత్రమాస కాబట్టి ఈసారి ఆ పేర్లలో బాపమ్మ పేరు కూడా ఉంది.

అటక మీద మూడు చాటలు బోర్లించి ఉన్నాయి. చేతికి అందింది తీసి కిందికిచ్చాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓసి, గిది బీడీల చాటనే. దీంట్ల బియ్యం పోత్తరా ఎవలన్న?" అని గోడకు ఆనించి పెట్టింది. నేను దిగి వచ్చి, దుమ్ము తుడుద్దామని దగ్గరికి తీసుకున్నాను. ముక్కులోకి తంబాకు ఘాటు కొట్టింది. బాపమ్మ ఆ చాట ఒళ్ళో పెట్టుకోక ఆరేళ్ళు దాటింది. అయినా వెదురు బద్దల సందుల్లో వాసన అట్లాగే ఉంది. తుమ్మొచ్చింది. నేను తుమ్మితే ఇంట్లో ఎక్కడున్నా సరే "సల్లగుండు" అని ఒక గొంతు వినిపించేది. అమ్మ సొరకాయ కోసం పెరట్లోకి పోయింది. నేను చాట పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

*

హైదరాబాద్‌లో ఈ మాట అంటే "బాపమ్మ అంటే బామ్మా?" అని అడుగుతారు. మేం నాన్నను బాపు అంటాం. బాపు తల్లి బాపమ్మ. అంతే లెక్క.

మాది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. నా చిన్నప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూర్, ఇటు సిరిసిల్ల, అటు కామారెడ్డి దాకా, ఈ దిక్కు ఊళ్ళలో మగవాళ్ళు బొంబాయికో దుబాయ్‌కో పోయేవాళ్ళు, ఆడవాళ్ళు ఇంటి ముందు బీడీలు చేసేవాళ్ళు. పొలం ఉన్నవాళ్ళకు పసుపు, మక్కలు ఉండేవి. మాకున్నది ఇరవై గుంటలు. మిగతాదంతా చాటే.

బీడీలు "చేయడం" అని రాస్తున్నాను కానీ, పుస్తకాల్లో "చుట్టడం" అంటారు. మా ఇంట్లో చుట్టడం అన్న మాట ఎప్పుడూ వినలేదు. "బీడీలు జేత్తున్నవా?" "ఇయ్యాల ఎన్ని జేసినవ్?" ఇదే మాట.

ఆ పని రాత్రి మొదలయ్యేది. అన్నాలు తిన్నాక బాపమ్మ ఆకు కట్టలు విప్పి, నీళ్ళు చల్లి, తడి గోనెపట్టాలో చుట్టి మూలకు పెట్టేది. తునికాకు ఎండింది ఎండినట్టే కోస్తే పెళపెళా విరుగుతుంది. ఎక్కువ నానితే నల్లబడి పోతుంది. ఎంత తడపాలన్నది ఆమె చేతికి తెలుసు. ఎండాకాలం ఒక తీరు, ముసురు పట్టినప్పుడు ఒక తీరు. పొద్దున లేచేసరికి ఇల్లంతా తడి ఆకు వాసన. వాన పడ్డ తెల్లారి అడవిలో నడిస్తే వచ్చే వాసన అది. అడవి నేను చాలా ఏళ్ళ తరువాత చూశాను. చూడగానే, మా ఇంటి వాసన ఇక్కడికెట్లా వచ్చింది అనుకున్నాను.

ఆ తరువాత కత్తెర. ఆకు మీద చిన్న రేకు ముక్క పెట్టి, ఆ కొలతకు చుట్టూ కోసేది. కచ్, కచ్, కచ్, కాస్త ఆగి మళ్ళీ కచ్. కత్తెర పిడికి పాత చీర పేలిక చుట్టి ఉండేది, అయినా బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత కాయ కాసింది. నేను ఆమె పక్కన పడుకున్నప్పుడు ఆ కాయ మీద వేలితో గీకేదాన్ని. నొప్పి పుట్టేది కాదట. "అది తోలు కాదు బిడ్డ, పెంకు" అనేది.

కోసిన ఆకు దొంతి అయ్యాక చాట ఒళ్ళోకి వచ్చేది. ఎడమ చేత ఆకు, కుడి చేత చిటికెడు తంబాకు, రెండు చేతుల వేళ్ళ మధ్య ఒక్క దొర్లు, మొదలు దగ్గర మడత, మూతి దగ్గర బొటనవేలి గోటితో నొక్కు, చుట్టూ దారం రెండు చుట్లు, తెంపు. నేను ఇక్కడ ఒక్కొక్కటి రాస్తున్నాను గానీ ఆమె చేతిలో ఇవి విడివిడిగా కనిపించేవి కావు. ఆకు లోపలికి పోయేది, బీడీ బయటికి వచ్చేది. కళ్ళు మాత్రం ఎక్కడో ఉండేవి. వాకిట్లోకి కోడి వస్తే చూసేది, ఎవరి కోడలు ఎవరి మీద అలిగిందో చెప్పేది, నా జడ వంకరగా ఉందనేది. చేయి మాత్రం ఆగేది కాదు.

మా ఇంటి ముందర వేపచెట్టు ఉండేది. దాని నీడ కోసం చుట్టుపక్కల ఆడవాళ్ళు అయిదారుగురు చాటలు పట్టుకుని మా వాకిట్లోకే వచ్చేవాళ్ళు. అందరివీ కత్తెర్లు, అందరివీ వేరువేరు చప్పుళ్ళు. బాపమ్మ కత్తెర చప్పుడు నాకు లోపలి గదిలోంచి కూడా తెలిసేది. కాస్త బరువుగా, ఆగి ఆగి ఉండేది. అమ్మది వేగం. ఎదురింటి పెద్దవ్వది తుప్పు పట్టిన కత్తెర, కిర్రుమనేది, అందరూ తిట్టేవాళ్ళు, ఆమె మార్చేది కాదు.

*

ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. నలభై కట్టలు వెయ్యి. బాపమ్మకు చదువు రాదు. అంకెలన్నీ కట్టల్లోనే. యాభై రూపాయలంటే రెండు కట్టల రూపాయలు. నెలలో ఇరవై అయిదు రోజులు గడిస్తే "కట్ట దినాలైనయ్" అనేది. మా అక్క పెళ్ళికి ఎంతమంది వస్తారని పంతులు అడిగితే వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి "పన్నెండు కట్టల మంది" అంది. ఆయన బిత్తరపోయి బాపు వైపు చూశాడు.

నేను ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. కౌంటర్లో కూర్చున్న మొదటి నెలలో నోట్లు చేత్తో లెక్కపెడుతుంటే పక్క సీటు మేడమ్ "నువ్వు మధ్యమధ్యలో ఎందుకు ఆగుతున్నావ్?" అని అడిగింది. నాకే తెలియదు. ఆ తరువాత గమనిస్తే, ఇరవై అయిదుకోసారి ఆగుతున్నాను.

*

సాయంత్రం కార్ఖానాకు పోవడం నాకు పండుగ. బీడీల గంప బాపమ్మ నెత్తి మీద, నేను ఆమె కొంగు పట్టుకుని. కార్ఖానా అంటే పెద్ద యంత్రాలేమీ ఉండవు. పొడుగాటి రేకుల షెడ్డు, ఒక తరాజు, ఆకు కట్టలు, తంబాకు బస్తాలు. వెనక బట్టీ. మేం ఇచ్చిన బీడీలు అక్కడ వేడికి ఆరబెట్టి, ఆ తరువాత లేబుళ్ళు అంటించేవాళ్ళు. బట్టీ దగ్గర పనిచేసే మగవాళ్ళు బనీన్ల మీద ఉండేవాళ్ళు, అటు చూడొద్దని బాపమ్మ నా తల తిప్పేది.

ముందు వరుస. వరుసలో నిలబడ్డప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. పొద్దంతా మా వాకిట్లో అంత గలగలా మాట్లాడినవాళ్ళు అక్కడ మాత్రం పరీక్ష హాల్లో పిల్లల్లాగా ఉండేవాళ్ళు. లోపల బీడీలు చూసేవాడు ఒక్కో కట్ట తీసి, చేతిలో తిప్పి, మూతులు చూసి, నొక్కి, నచ్చనివి పక్కన ఉన్న డబ్బాలో పడేసేవాడు. పడేసినవి తిరిగి ఇచ్చేవాడు కాదు, వాటికి డబ్బులూ లేవు. ఆ డబ్బాలో పడ్డ బీడీలు ఆ తరువాత ఏమయ్యేవో నాకు చిన్నప్పుడే అనుమానంగా ఉండేది. అడిగితే బాపమ్మ నా చేయి గట్టిగా నొక్కేది. బయటికి వచ్చాక, "నోరు ఇంటికాడ తెరువు, గీడ గాదు" అనేది.

అందుకే ఆమె రోజూ వెయ్యి మీద ఒక రెండు కట్టలు ఎక్కువ చేసి పెట్టుకునేది. తీసేసిన వాటికి బదులు. ఆకు సరిపోకపోతే బయట కొనుక్కొచ్చేది, అది ఆమె డబ్బే. వెయ్యికి ఇంత ఆకు అని తూచి ఇచ్చేవాళ్ళు, అందులో చిల్లులు పడ్డవీ మచ్చలవీ ఉంటే అది మన కర్మ.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ కార్ఖానా వాళ్ళు ఇచ్చిన పుస్తకం వల్లే బాపమ్మకు పీఎఫ్ వచ్చింది. ఆ పుస్తకాన్ని ఆమె మా ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టేది. నాకు బడిలో స్కాలర్‌షిప్ వచ్చింది కూడా బీడీ కార్మికుల పిల్లలకు ఇచ్చే డబ్బుల్లోంచే, అమ్మ కార్డు మీద. కాబట్టి ఆ రేకుల షెడ్డు మీద నాకున్న కోపం ఎప్పుడూ సగంలోనే ఆగుతుంది.

*

ఒక వానాకాలం రాత్రి గూన పెంకులు జరిగి, సరిగ్గా బీడీల గంప మీదే నీళ్ళు కారాయి. తెల్లారి చూస్తే పైనున్న పది పన్నెండు కట్టలు మెత్తబడి ఉన్నాయి. ఎండ లేదు. బాపమ్మ పొయ్యి మీద రొట్టెల పెంక పెట్టి, సన్నటి మంట మీద బీడీలు పరిచి ఆరబెట్టింది. నన్ను కూర్చోబెట్టి "మంట పెద్దగ జేయకు, జెర్ర జెర్ర తిప్పు" అని చెప్పి నీళ్ళకు పోయింది.

నేను తొమ్మిదేళ్ళ దాన్ని. మంట సన్నగా ఉంటే ఎప్పటికి ఆరుతాయి అనుకుని రెండు పుల్లలు ఎగదోశాను. బాపమ్మ బిందెతో గడప దాటేసరికి ఇల్లంతా పొగ. సగం బీడీల మూతులు మాడిపోయాయి. నేను గోడకు అంటుకుపోయి దెబ్బ కోసం చూస్తున్నాను.

కొట్టలేదు. బిందె దించింది. పెంక మీదివి చీపురుతో ఊడ్చి పొయ్యిలో పోసింది. చాట తీసుకుని, తడిపి పెట్టిన ఆకు గోనెపట్టా విప్పి, కత్తెర అందుకుంది. ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. నేను గటక, పచ్చిపులుసు గిన్నెలో పెట్టి పక్కన ఉంచితే, "అన్నం పెట్టినవా? సల్లగుండు" అంది. నేను తుమ్మలేదు కదా అని అప్పుడు అనిపించింది.

*

బాపు దుబాయ్‌లో ఉన్న ఏళ్ళన్నీ క్యాసెట్ల ఏళ్ళు. నిజానికి షార్జా, కానీ మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. కోరుట్లలో బొంబాయి బస్సెక్కించి వచ్చిన రోజు నాకు గుర్తులేదు, అప్పటికి నేను చంకలో ఉన్నానట. నాకు గుర్తున్న బాపు మొదట ఒక గొంతు మాత్రమే.

ఎవరైనా సెలవు మీద వస్తే వాళ్ళ చేతికి బాపు ఒక క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. టేప్‌రికార్డర్ కూడా ఆయన పంపిందే. రాత్రి అన్నాలు తిన్నాక తలుపేసుకుని వినేవాళ్ళం. "అవ్వా, నేను మంచిగున్న. నువ్వు మంచిగున్నవా?" అని ఆగేవాడు, అవ్వ జవాబు చెప్పేంత సేపు. బాపమ్మ ఆ సందులో టేప్‌రికార్డర్‌కు జవాబు చెప్పేది. "మంచిగనే ఉన్న కొడుకా, నువ్వు తిన్నవా?" బాపు గొంతు ఆ తరువాత వేరే సంగతిలోకి పోయేది. "చూడు, నేను అడిగింది ఇనలేదు" అని ఆమె అమ్మతో ఫిర్యాదు చేసేది. క్యాసెట్ ఎట్లా పనిచేస్తుందో నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆమెకు తెలుసనీ, తెలిసే అట్లా మాట్లాడేదనీ నాకు చాలా పెద్దయ్యాక గాని తట్టలేదు.

జవాబు క్యాసెట్ నింపడం ఒక పెద్ద పని. ఒకవైపు అమ్మ, ఒకవైపు బాపమ్మ. అమ్మ మాట్లాడేటప్పుడు మమ్మల్ని బయటికి పంపేది. బాపమ్మకు దాపరికం లేదు. వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని, టేప్‌రికార్డర్ పక్కన పెట్టుకుని, షార్జా దాకా వినపడాలన్నట్టు గొంతెత్తి చెప్పేది. వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది, నువ్వు వచ్చినంక కట్టాలె. బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది. నీ బిడ్డ రెండో తరగతిల ఫస్ట్ అచ్చింది. ఆ మాటల మధ్య పక్కవాళ్ళు నవ్వడం, కుక్కలు మొరగడం, అన్నీ ఎక్కేవి.

బాపు వచ్చేశాక ఒకసారి చెప్పాడు. అక్కడ క్యాంపులో ఒక్కో గదిలో పదిమంది, మంచాల మీద మంచాలు. తన కింది మంచం ఆర్మూర్ దిక్కు మనిషిది. బాపు క్యాసెట్ పెడితే ఆయన లేచి కూర్చునేవాడట. బాపమ్మ చెప్పే ముచ్చట ఆయనకు దేనికి? "ఆమె మాట్లాడుడు ఆపినప్పుడు కత్తెర చప్పుడు అత్తది గద. గది మళ్ళ ఒక్కసారి పెట్టు" అనేవాడట. ఆయన ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు.

ఆ క్యాసెట్లు ఒక్కటి కూడా మిగల్లేదు. కొన్నిటి మీద మా తమ్ముడు సినిమా పాటలు ఎక్కించాడు. వాడికి ఇప్పటికీ ఆ మాట ఎత్తితే కోపం వస్తుంది.

*

మా క్లాసులో ఆడపిల్లలందరికీ పదేళ్ళకే బీడీలు చేయడం వచ్చు. బడి నుంచి రాగానే చాట. నాకు రాదు. నేర్పమంటే బాపమ్మ "మూతులు మడువు, సాలు" అనేది. మూతులు మడవడం, కట్టలు కట్టడం వరకే నాకు అనుమతి. ఆకు కోస్తానని కత్తెర పట్టుకుంటే చేయి మీద ఒక్కటి వేసేది. ఆమె నన్ను కొట్టిందంటే దానికే. అమ్మకు ఇది నచ్చేది కాదు. ఇంకో రెండు చేతులుంటే ఇంకో అయిదు వందలు అవుతాయి కదా అని గొణిగేది. ఆమె తప్పు లేదు, అప్పులు తీర్చేది ఆమె.

నేను ఇంటర్ చదువుతుండగా ఒక సంబంధం వచ్చింది. మా దిక్కు అప్పట్లో పిల్లను చూడ్డానికి వస్తే రంగు, చదువు కంటే ముందు అడిగే మాట ఒకటి ఉండేది. బీడీలు వస్తాయా? కార్డు ఉందా? కార్డు ఉన్న పిల్ల అంటే నెల తిరిగేసరికి చేతిలో డబ్బులు కనిపించే పిల్ల. వచ్చిన పెద్దావిడ చాయ్ తాగి, నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, బొటనవేళ్ళు తిప్పి చూసింది. కాయలు లేవు. "పిల్లకు బీడీలు రావా?" అంది అమ్మ వైపు చూసి.

అమ్మ నోరు తెరిచేలోపు బాపమ్మ మూలనుంచి అంది. "రావు. నేను నేర్పలే."

"ఎందుకు నేర్పలే?"

"నాకు అచ్చు గద. ఒక ఇంట్ల ఒక్కరికి అత్తె సాలదా?"

ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరం వచ్చినవాళ్ళం ఉన్నాం అని అమ్మ అనలేదు, ఆమె మంచితనం. సంబంధం తప్పిపోయింది. అమ్మ నాలుగు రోజులు బాపమ్మతో మాట్లాడలేదు. అయిదో రోజు బాపమ్మే మక్కగారెలు చేసి, మొదటిది అమ్మ చేతిలో పెట్టింది. మా ఇంట్లో రాజీలన్నీ గారెలతోనే జరిగేవి. పోలీస్ స్టేషన్‌లో కూడా ఇట్లా పెడితే బాగుండు అని బాపు అనేవాడు.

*

డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి పుస్తకం చివర లెక్క వేశాను. రోజుకు సగటున 800, నెలకు పని దొరికే రోజులు ఒక 20, ఏడాదికి 12 నెలలు, అట్లా 45 ఏళ్ళు. మొత్తం 86 లక్షల పైన. "బాపమ్మా, నువ్వు ఎనభై ఆరు లక్షల బీడీలు చేసినవ్" అన్నాను. లక్షలంటే ఆమెకు ఎంతో తెలియదు గానీ చాలా అని అర్థమైంది. కాసేపు ఆలోచించింది. "దాంట్ల వాడు తీసేసినయి ఎన్నో, గది గూడ రాయి" అంది.

ఆ రోజుల్లోనే బీడీ కట్టల మీద పుర్రె బొమ్మ వేయాలన్న గొడవ నడిచింది. పుర్రె వేస్తే బీడీలు కొనరు, బీడీలు కొనకపోతే మా పని పోతుంది అని నిజామాబాద్, కరీంనగర్ దిక్కు ఆడవాళ్ళు రోడ్డెక్కారు. బాపమ్మ కూడా ధర్నాకు పోయింది, జీవితంలో మొదటిసారి. పొద్దంతా ఎండలో కూర్చుని వచ్చి, కాళ్ళు చాపుకుని నన్నడిగింది. "నిజంగనే సత్తరా బిడ్డ, బీడీలు తాగితె?"

"సత్తరు బాపమ్మా."

"అయితె పుర్రె ఎయ్యనియ్యాలె గద మరి" అంది. మరునాడు మళ్ళీ ధర్నాకు పోయింది. నేనేమీ అనలేకపోయాను. ఇప్పుడైనా ఏమంటానో తెలియదు.

ముసలితనంలో పింఛన్ వచ్చింది. మొదట్లో 200 రూపాయలు, ఆ తరువాత తెలంగాణ వచ్చాక 1000, ఆపైన 2016 రూపాయలు. పోస్టాఫీసులో వేలిముద్ర పెట్టాలి. బాపమ్మ వేలు పెడితే మెషిన్ ఒప్పుకునేది కాదు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడు వేలు, తుడిచి, తడిపి, నూనె రాసి, ఎంత చేసినా గీతలు పడేవి కావు. అక్కడ ఇంకా ముగ్గురు నలుగురు బీడీల ఆడవాళ్ళది అదే కథ. పోస్టాయన మంచివాడు, విసుక్కోకుండా పది వేళ్ళూ ప్రయత్నించేవాడు. ఒక్కోసారి చిటికెన వేలు పడేది. ఆ రోజు బాపమ్మ ఇంటికి వచ్చి, "నా చిటికెనవేలు ఒక్కటే మనిషిదట" అని నవ్వేది.

*

చివరి రెండేళ్ళు దగ్గు ఎక్కువైంది. నేను సెలవు పెట్టి కరీంనగర్ తీసుకుపోయాను. డాక్టర్ చిన్నవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూస్తూ, "బీడీలా అమ్మా?" అన్నాడు.

"ఔ సారు."

"రోజుకు ఎన్ని?"

"ఒంట్ల బాగుంటె వెయ్యి. లేకుంటె ఏడెనిమిది నూర్లు."

డాక్టర్ ఎక్స్‌రే దించి ఆమెను చూశాడు. నాకు నవ్వాగలేదు. "తాగడం కాదు సార్, చేయడం" అన్నాను. బాపమ్మకు మాత్రం కోపం వచ్చింది. బయటికి వచ్చాక బస్టాండు దాకా అదే. "నా జల్మల ఒక్క బీడీ ముట్టిచ్చిన్నా? నన్ను జూత్తె గట్ల కనబడ్తున్ననా?" ఒక్క దమ్ము లాగకుండా ఆమె ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయో ఆ డాక్టర్ నాకు విడిగా చెప్పాడు. ఆమెకు చెప్పలేదు. మందులు ఇచ్చాం. చాట అమ్మ అప్పటికే అటకెక్కించింది.

చేతులు ఊరుకునేవి కావు. మంచంలో కూర్చుని కొంగు చివరను రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించేది, మూతి నొక్కేది, వదిలేసేది. మళ్ళీ పట్టుకునేది. నిరుడు ఎండాకాలంలో, ఆమె పోయే ముందు రోజు కూడా అంతే. నేను చేయి పట్టుకుంటే నా చూపుడు వేలిని దొర్లించబోయింది.

ధర్మపురి గోదావరిలో కలిపి వచ్చాం. ఎండలకు నీళ్ళు అడుగంటి, రాళ్ళు తేలి ఉన్నాయి. బాపు మోకాళ్ళ లోతు నీళ్ళ కోసం చాలా దూరం నడిచాడు.

*

ఈ పెత్రమాస సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. నిరుడు మైల ఏడు కాబట్టి పేర్చలేదు. ఈసారి అమ్మ తమ్ముణ్ణి పంపి చెరువు గట్టు మీది తంగేడు, గునుగు తెప్పించింది. గుమ్మడి పువ్వు మా పెరట్లోదే. వాకిట్లో వేపచెట్టు లేదు, సీసీ రోడ్డు వేసినప్పుడు పోయింది. ఉన్న చోటే తాంబాలం పెట్టి, గుమ్మడాకులు పరిచి కూర్చున్నాం.

గునుగు కాడలు సమంగా కోసి, చిన్న చిన్న కట్టలుగా కట్టి, రంగులో ముంచాలి. దారం కావాలంటే అమ్మ లోపలికి పోయి ఒక పాత బొంగరం తెచ్చింది. ఎర్ర దారం. బీడీలది. ఇంకా చాలా ఉందట ట్రంకు పెట్టెలో.

కత్తెర నా చేతికి వచ్చింది. పిడికి పేలిక అట్లాగే ఉంది, నూనె పట్టి నల్లగా. గునుగు కాడలు కోస్తే కచ్చుమనలేదు, మెత్తగా తెగాయి. కట్ట కట్టి, రెండు చుట్లు వేసి, తెంపి అమ్మకిచ్చాను. అమ్మ దాన్ని చేతిలో తిప్పి, మూతులు చూసి, నొక్కింది.

"ఎన్ని పెట్టినవే?"

"ఇరవై అయిదు."

"సన్నగున్నది, ఇంకో నాలుగు కలుపు" అని నా ఒళ్ళో పడేసింది.